దాటిపోయిన కుంకుమ భరిణె

మా అక్క మీద నాకు కోపం వచ్చి ఏళ్ళయింది. ఫోన్లో మాట్లాడుకుంటాం, పెళ్ళిళ్ళలో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. పోవాలని నేనూ అనుకోలేదు.

మా వాళ్ళు తాతల కాలంలోనే మద్రాసు వచ్చి కోడంబాక్కంలో పాతుకుపోయారు. మా వీధిలో సగం తెలుగిళ్ళే. ఆడవాళ్ళ సంఘం ఒకటుంది, దానికి మా అక్క పెద్ద. వానలకు ఇళ్ళు మునిగినా, ఎవరింట్లోనైనా ఆపద వచ్చినా మొదట చేయందించేది అక్కే. అమ్మ పోయాక నాకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది ఆ చేతులే. వాటిని శంకించాలని నాకెప్పుడూ తోచలేదు.

శ్రీలంకలో యుద్ధం ముగిశాక, మా ఎదురింటి మేడ మీద రేకుల గదిలోకి ఒకామె ఇద్దరు పిల్లలతో అద్దెకు దిగింది. తూటాల వర్షంలో జనమంతా సముద్రం వైపు పరుగెత్తుతుంటే, పిల్లలకు నీళ్ళు తెస్తానని వెళ్ళిన భర్త తిరిగి రాలేదట. శవాన్ని చూసినవాళ్ళు లేరు. బతికున్నాడని చెప్పినవాళ్ళూ లేరు. ఆమె మాత్రం పొద్దున్నే నొసట బొట్టు దిద్దుకున్నాకే తలుపు తీసేది. అది చూసి మా వీధి ఆడవాళ్ళు చెవులు కొరుక్కునేవాళ్ళు. నాకు ఆమె మొండితనం నచ్చింది.

ఇడ్లీ పిండి రుబ్బి ఇంటింటికీ అమ్మేది. ఉన్నది ఒక పాత మిక్సీ. కాసేపు తిరగ్గానే కాలిన వాసన వచ్చేది, చల్లారేదాకా ఆమె పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరేది. గ్రైండరు ఒకటుంటే పిల్లల్ని ఎవరికీ బరువు కాకుండా పెంచుకోగలదు. సరిగ్గా అప్పుడే ఎవరో దాత, యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళకు గ్రైండర్లు ఇస్తానని సంఘానికి కబురు పెట్టాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి అక్కకు ఈమె సంగతి చెప్పాను. అక్క నొసలు చిట్లించింది.

"ఆయమ్మ అంత బొట్టు పెట్టుకోని తిరగతా ఉంటే విధవని ఎట్టా చెప్పేదే? గ్రైండర్లు ఇచ్చే సభకి దాత మనుషులు వస్తారు గదా."

"మొగుడు ఉండాడో లేడో ఆయమ్మకే తెలీదు గదక్కా."

"అందుకే చెప్తా ఉండా. ఒక్క పూట బొట్టు తీసేసి, తాళి రవికలోకి దోపుకోని రమ్మను. గ్రైండరు ఇంటికొస్తాది, పిల్లకాయలు కడుపునిండా తింటారు. సరియా?"

ఆ మాట నేను మోసుకెళితే ఆమె ఒప్పుకోలేదు. "నా చేత్తో నేనే తుడిచేస్తే, ఆయన్ని నేనే పంపేసినట్టు కదా అక్కా" అంది వాళ్ళ దేశపు తమిళంలో, మెత్తగానే. చివరికి అక్కే మోకాళ్ళు పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కింది. చాప మీద ఆమె పక్కన కూర్చుని, చేయి చేతిలోకి తీసుకుని తమిళంలో నచ్చజెప్పింది. "నేనూ నీకు అక్కలాంటిదాన్నేనమ్మా. నవరాత్రుల్లో శుక్రవారం మా ఇంట్లో పేరంటం. నువ్వు రా. అందరి ముందూ నా చేత్తో నీకు కుంకుమ పెడతాను. తీసిన దోషం అక్కడే పోతుంది. అమ్మవారి మీద ఆన."

ఆమె అక్క ముఖంలోకి చూసి, సరేనంది. నా కళ్ళు చెమర్చాయి. మా అక్క అని గర్వపడ్డాను కూడా.

సభ రోజు ఆమె బోసి నొసటితో, మెడ చుట్టూ కొంగు కప్పుకుని వచ్చింది. తలెత్తకుండా వేదిక ఎక్కింది, తలెత్తకుండానే దిగింది. గ్రైండరును ఆటోలో ఎక్కించుకుని ఇద్దరం బయల్దేరాం. ఆటో సందు చివరికి చేరకముందే డ్రైవరు ముందున్న అద్దంలోకి వంగి చూసుకుంటూ ఆమె బొట్టు పెట్టేసుకుంది.

తర్వాత ఆమె పని పుంజుకుంది. అయినా ఆమె మనసంతా పేరంటం మీదే. ఏ చీర కట్టుకోవాలి, తెలుగువాళ్ళింట్లో వట్టి చేతులతో వస్తే తప్పా అని నన్ను అడుగుతూనే ఉంది. ఆఖరికి పేరంటంలో గారెలకు కావలసిన పిండంతా తనే రుబ్బి తెచ్చింది.

శుక్రవారం అక్క ఇంటి హాలంతా పట్టుచీరలు. బొమ్మల కొలువు ముందు అందరం వరసగా కూర్చున్నాం. అక్క ఒక్కొక్కరికీ కాళ్ళకు పసుపు రాసి, మెడకు గంధం పూసి, నొసట కుంకుమ పెడుతూ వస్తోంది. నా పక్కన ఆమె. అక్క నాకు పెట్టడం అయిందో లేదో, ఆమె కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది.

వెనక నుంచి ఎవరో తెలుగులో గొణిగారు. "మొన్న గ్రైండరు తీసుకునింది ఈయమ్మే గదా. ఈయమ్మకి గూడానా?"

అక్క విన్నది. భరిణెలోకి వెళ్ళిన వేళ్ళు ఆగాయి. ఒకసారి నా వైపు చూసి, ఆమెను దాటి, అవతల కూర్చున్నావిడ నొసట కుంకుమ పెట్టింది. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

వంటింట్లోకి వెళ్ళి అక్కను నిలదీశాను.

"గొంతు తగ్గించవే" అంది. "విధవని మనమే స్టేజీ ఎక్కించి, ఇప్పుడు మనమే కుంకం పెడితే నలుగురూ ఏమంటారు? సంఘం పరువేం గాను? గ్రైండరు దక్కింది గదా, ఇంకేం గావాల ఆయమ్మకి."

అని పళ్ళెంలోంచి ఒక గారె తీసుకుని కొరికింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆన వేసిందీ ఈమే, సంఘం పరువు చూసుకున్నదీ ఈమే. నన్ను పెంచిన మనిషి ఇలాంటిదని తెలుసుకోవడానికి నాకు ఇంత వయసు రావాల్సి వచ్చింది. నా తాంబూలం అక్కడే గట్టు మీద పడేసి బయటికొచ్చాను.

ఆమె గేటు దగ్గర నా కోసమే నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్ళాను. ఆమె నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, నా దగ్గర దాచకండి" అంది. "ఆయన పోయినట్టు మీ అక్కకు కబురు తెలిసింది కదా? నాకు చెప్పలేక ఊరుకున్నారు కదా? లేకపోతే అంత మాట ఇచ్చిన మనిషి నన్నెందుకు దాటిపోతుంది?"

ఆమె నన్ను కుదిపి కుదిపి అడిగింది. ఏ కబురూ రాలేదని చెప్పాను. నా పిల్లల మీద ఒట్టు పెట్టమంటే పెట్టాను.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ముఖం తేటపడింది. "అంతేనా అక్కా. నేనింకా ఏమో అనుకున్నాను" అని నవ్వి, చెప్పులు తొడుక్కుని, సాయంత్రం పిండికి మినప్పప్పు నానబెట్టాలని ఇంటికి వెళ్ళిపోయింది.