చాముండక్క మా వేదని లేపిన రోజు

అమెరికాలో మా అరోరా ఊళ్ళో తెలుగువాళ్ళింట్లో వ్రతమైనా, పిల్లల పుట్టినరోజైనా చాముండక్కకి ఒక ప్రశ్న తప్పదు. "సోషల్ టీచరా? పోనీ మాథ్స్ చెప్పుకోవచ్చుగా అండీ?" అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చేతిలో పులిహోర ప్లేటు పెట్టి, మంచి కోరే అడుగుతారు. నాకే ఒళ్ళు మండుతుంది. లెక్కలు రానివాడికి సోషల్, అదీ రానివాడికి దేవుడే దిక్కు అన్నట్టు పెరిగాం మనమంతా. అక్క మాత్రం నవ్వేసి, "నాకొచ్చింది గదొక్కటే కదమ్మా" అంటుంది.

అసలు పేరు చాముండేశ్వరి. మిర్యాలగూడ మనిషి. అక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో ఏళ్ళ తరబడి సాంఘికశాస్త్రం చెప్పింది. భర్త జగదీష్ గారికి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చింది. వచ్చాక చాలాకాలం పని చేసే పర్మిట్ లేదు, ఇంట్లోనే కూర్చుంది. ఆయన గ్రీన్ కార్డ్ లైన్లో పడ్డాక ఈవిడకి పర్మిట్ వచ్చింది. వచ్చీ రాగానే కాలేజీలో చేరి, కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని చదివి, టీచర్ లైసెన్స్ తెచ్చుకుంది. మా అమ్మాయి వేద ఎనిమిదో క్లాసు చదివే మిడిల్ స్కూల్లో వాళ్ళ సోషల్ టీచర్ కాన్పుకి సెలవు పెడితే ఆ చోటులో అక్కని తీసుకున్నారు. తర్వాత ఆ టీచర్ ఇక రానని చెప్పేసింది. ఆ పోస్టు అక్కకే ఇస్తారా, బయటివాళ్ళని తెస్తారా అన్నది మార్చిలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్ సెలవుల లోపల చెప్తామంది ప్రిన్సిపాల్.

అప్పట్నుంచీ ఆవిడకి నిద్ర లేదు, నాకు మనశ్శాంతి లేదు. మా ఇళ్ళ మధ్య ఒక్క రోడ్డే అడ్డం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, అసలు ఈ సబ్జెక్టులో ఏముందక్కా అని. "ఏం లేదు నళినీ. ఎక్కడున్నం, ఈడికెట్ల వచ్చినం, ఏం పని చేసుకొని బతుకుతున్నం, ఎవరి మాట ఎందుకింటున్నం. గంతే సోషల్ అంటే." "మరి దానికంత లావు పుస్తకమెందుకు?" అన్నాను. "ఆఖరిదానికే సగం పుస్తకం పోతది" అంది.

పాఠం చెప్పేటప్పుడు మనిషి పులి. బయటికొస్తే పిల్లి. ఆ భయం పుట్టుకతో వచ్చిందో, వీసాతో వచ్చిందో నాకు తెలీదు. వెనకాల పోలీసు కారు కనిపిస్తే చాలు, స్పీడ్ లిమిట్ కంటే ఎంతో తగ్గించి డ్రైవ్ చేస్తుంది, వెనకవాడు హారన్ కొట్టి చచ్చేదాకా. ఏ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చినా ముందు నాకు ఫోన్ చేసి, "ఓపెన్ చేస్తున్న, లైన్ల ఉండు" అంటుంది. గ్యాస్ కంపెనీ మెయిలైనా సరే. ఏమిటక్కా ఈ ఖర్మ అని నేను విసుక్కుంటాను. లైన్లోనే ఉంటాను.

ఇక జరిగింది చెప్తాను. ఇక్కడ బళ్ళో పొద్దున్నే స్పీకర్లో ప్లెడ్జ్ వస్తుంది. పిల్లలు లేచి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని జెండాకి విధేయత చెప్తారు. అయితే లేవమని ఎవర్నీ బలవంతపెట్టడానికి లేదు. అది పిల్లల హక్కని కోర్టు ఎప్పుడో తేల్చేసింది. ఈ పాఠం ఆ వారంలోనే అక్క చెప్పింది. అన్యాయం జరిగితే పెద్దవాళ్ళకి ఎలా చెప్పుకోవాలో కూడా ఆ పాఠంలోనే చెప్పింది. అరవకు, ఏడవకు, ఏం జరిగిందో చెప్పు, ఏం కావాలో చెప్పు అని.

బుధవారం పొద్దున ప్లెడ్జ్ వచ్చింది. అక్క క్లాసులో ఎప్పుడూ కూర్చునే ఉండే తెల్ల అబ్బాయిలిద్దరున్నారు, ఆ రోజూ కూర్చున్నారు. వాళ్ళతోపాటు మా వేద కూడా కూర్చుంది. పెద్ద కారణమేం లేదు. తర్వాత నేనడిగితే, "ఊరికే. కూర్చోవచ్చు అని ఆంటీ చెప్పింది కదా, ఎలా ఉంటుందో చూద్దాం అని" అంది. అక్క ఆ ఇద్దరబ్బాయిల్నీ దాటుకుని వచ్చి, వేద మీదకి వంగి, మెల్లగా తెలుగులో, "లే బిడ్డా, మంచిగుండదు" అంది.

ఇంట్లో సోఫా మీద కాళ్ళు పెడితే తియ్యమన్నట్టు. గుళ్ళో ప్రసాదం ఎడంచేత్తో తీసుకుంటే చెయ్యి మార్చమన్నట్టు. మన ఆంటీలు మన పిల్లలకి రోజుకి వంద చెప్తారు, ఎవరి పిల్లలని చూడరు. వేద లేచింది. మధ్యాహ్నం లంచ్‌లో తిన్నగా ప్రిన్సిపాల్ గదికెళ్ళి, అరవకుండా ఏడవకుండా, ఏం జరిగిందో చెప్పింది.

సాయంత్రం అక్క స్కూల్ పార్కింగ్ లాట్‌లోంచి ఫోన్ చేసింది. "నళినీ, శుక్రవారం మీటింగ్ పెట్టిన్రు. వేదను, నిన్ను కూడా పిలుస్తరట. నా కొలువు పోయినట్టే. నా పేరు మీద ఏదన్న రాస్తే రేపు ఆయన గ్రీన్ కార్డ్‌కు అడ్డం పడ్తదా?" పడదక్కా, దానికీ దీనికీ సంబంధమే లేదు అన్నాను. "నీకెట్ల తెలుసు?" అంది. నిజమే, నాకెలా తెలుసు?

వేద మీద విరుచుకుపడ్డాను. నువ్వు డైపర్లో ఉన్నప్పట్నుంచీ ఎత్తుకు తిప్పిన మనిషి, నీకు జ్వరమొస్తే మిరియాల చారు పట్టుకొచ్చే మనిషి, ఆవిడ నోటి దగ్గర కూడు తీస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అదంతా విని మా పిల్ల, "నాకు ఆంటీని ఫైర్ చేయడం వద్దు. నన్ను మాత్రమే ఎందుకు లేపింది? అది చెప్తే చాలు" అంది. వాళ్ళింటికెళ్ళి అడగొచ్చుగా అన్నాను. "ఇంట్లో అడిగితే స్వీట్ పెడుతుంది. చెప్పదు" అంది. కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది నిజం.

గురువారం నేనే అక్కింటికి వెళ్ళాను. జగదీష్ గారు మీటింగ్‌లో ఉన్నట్టు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. స్క్రీన్ మీద మీటింగేం లేదు. అక్క పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది, నేనే వెళ్ళి కట్టేశాను.

"అక్కా, ఒక మాట చెప్తాను, కాదనకు. రేపు ప్రిన్సిపాల్ గదిలో తెలుగు తెలిసింది మన ముగ్గురికే. బ్యాగ్ దారికి అడ్డంగా ఉంది తియ్యి అన్నానని చెప్పు. నేను అవునంటాను. పిల్ల సరిగ్గా వినలేదంటాను. అయిపోతుంది."

ఆవిడ పాలగిన్నె దించి మూత పెట్టింది. వద్దంటుందేమో అనుకున్నాను. "వేద ఏమంటది?" అంది చివరికి. నేను చూసుకుంటాలే అన్నాను. సరే అనలేదు, కాదనలేదు. గుమ్మం దాకా వచ్చి, "బ్యాగ్ అన్ననా? సరే, బ్యాగ్" అని తనలో తనే అనుకుంది. ఇంటికొచ్చాను. పిల్లకి మాత్రం చెప్పలేదు. మీటింగ్ దాకా చెప్పడానికి నోరు రాలేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదిలో నలుగురం కూర్చున్నాం. ప్రిన్సిపాల్ మర్యాదస్తురాలు, అందరికీ మంచినీళ్ళు పోసింది. అక్క గ్లాసు ముట్టుకోలేదు. వేద జరిగింది మళ్ళీ చెప్పింది. ప్రిన్సిపాల్ అక్కవైపు తిరిగి, "మీ భాషలో ఆ అమ్మాయితో ఏమన్నారు?" అంది.

అక్క నావైపు చూసింది. నేను కళ్ళతోనే బ్యాగ్ అన్నాను. తర్వాత వేదవైపు చూసింది. మా పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని, అచ్చం క్లాసులో పాఠం వినేటట్టు, ఆవిడనే చూస్తోంది.

"లేవమన్నాను" అంది అక్క ఇంగ్లీషులో. "కూర్చుంటే బాగుండదన్నాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రిన్సిపాల్ ఏదో అనబోతోంది, ఈలోపు వేద అడిగింది, "వాళ్ళిద్దర్నీ ఎందుకు అనలేదు?"

"వాళ్ళు కూర్చుంటే, వాళ్ళిష్టం అనిపించింది. నువ్వు కూర్చుంటే నాకు భయమేసింది."

"ఎందుకు?"

"ఎవరైనా చూస్తారేమోనని. వీళ్ళకి ఇక్కడి ఉద్యోగాలు కావాలి, లేచి నిలబడ్డానికి మాత్రం ఒళ్ళు బరువా అంటారేమోనని. ముందు నిన్నంటారు, తర్వాత మీ అమ్మని, తర్వాత నన్ను." ఆవిడ ఇంగ్లీషు తడబడుతోంది, అయినా ఆగలేదు. "పాఠం అందరికీ ఒకటే చెప్పాను. కానీ అది మనకి కూడా అని నేనే నమ్మలేదు. తప్పు నాది."

"నేను ఇక్కడే పుట్టాను ఆంటీ" అంది వేద.

"తెలుసు బిడ్డా" అంది అక్క, ఈసారి తెలుగులో. "అయినా భయమైంది."

ప్రిన్సిపాల్‌కి ఆ ఆఖరి మాట అర్థం కాలేదు, నేనే చెప్పాల్సి వచ్చింది. చివరికి ప్రిన్సిపాల్, చేసింది తప్పే, తప్పని రాసి పెడతాను, సోమవారం ఇదే మాట క్లాసులో అందరి ముందూ చెప్పగలరా అని అడిగింది. అక్క తలూపింది. పోస్టు సంగతి ప్రిన్సిపాల్ ఎత్తలేదు. అడగడానికి మాకు ధైర్యం లేదు.

ఆ శని, ఆదివారాలు అక్క ఫోన్ ఎత్తలేదు. సోమవారం క్లాసులో చెప్పింది. పిల్లలు గోల చేస్తారేమో అనుకుందిట గాని, ఎవరూ కిక్కురుమనలేదుట. ఒక మెక్సికన్ పిల్ల మాత్రం చెయ్యెత్తి, మా అమ్మ కూడా నన్నట్లాగే లేపుతుంది మిస్ అందిట. గురువారం మెయిల్ వచ్చింది. అక్క నాకు ఫోన్ చేసింది. "ఓపెన్ చేస్తున్న, లైన్ల ఉండు." లైన్లో ఉన్నాను. ఆగస్టులో బళ్ళు తెరిచినప్పట్నుంచి ఆ క్లాసు ఆవిడదే అని చదివింది. తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. వెనకాల జగదీష్ గారు ఏమైందే, ఏమైందే అని అడుగుతున్నారు.

ఆ సాయంత్రం వేదని వాలీబాల్ ప్రాక్టీస్‌కి డ్రైవ్ చేస్తూ ఈ సంగతి చెప్పాను. హమ్మయ్య అంది, నిజంగానే సంతోషించింది. రూట్ ఫిఫ్టీ నైన్ రోడ్డు మీద సిగ్నల్ పడింది. అప్పుడడిగింది.

"అమ్మా, నువ్వు కూడా నమ్మవా? ఆ పాఠం మనకి కూడా అని?"

నేను నోరున్న మనిషిని. సిటిజన్‌షిప్ తీసుకుని ఆరేళ్ళయింది, ప్రతి ఎలక్షన్‌కీ వెళ్ళి ఓటేసి వస్తాను. చాముండక్క పిరికితనం చూసి ఎన్నిసార్లు నవ్వానో లెక్కలేదు. ఎందుకు నమ్మనే, పిచ్చిపిల్లా అందామని నోరు తెరిచాను. మీటింగ్‌లో అక్క నావైపు చూసిన చూపు గుర్తొచ్చి, ఆ మాట బయటికి రాలేదు.

"నా హ్యాండ్‌బ్యాగ్‌లో పాస్‌పోర్ట్ కాపీ ఉంటుంది. ఎవరైనా ఆపి ఏ దేశం అని అడుగుతారేమోనని, కూరగాయలకి వెళ్ళినా తీసుకెళ్తాను" అన్నాను.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

సిగ్నల్ మారింది. నేను కారు కదిలించలేదు, వెనకవాడు హారన్ కొట్టాడు.

"నాది కూడానా?" అంది.

"నీదే పైన ఉంటుంది" అన్నాను.