నూట నలభై మూడు పెట్టెలు, ఒక నీలం పడవ

మా అమ్మమ్మ ఆడెల్‌హైట్ ఒక్క ఏడాదిలో రోము నగరాన్ని నాలుగుసార్లు కట్టింది, రెండుసార్లు తగలబెట్టింది. ముగ్గురు పోపులను గద్దె దింపింది. ఉత్తర ధ్రువంలో ఎలుగుబంట్లకు సరిహద్దులు గీసింది. ప్లేగు వ్యాధిని ఒంటిచేత్తో ఆపింది. ఒంటిచేత్తో ఎందుకంటే, ఆటలో మిగిలిన ముగ్గురి మాటా ఆవిడ వినలేదు కాబట్టి. అలెగ్జాండరు కూడా ఇన్ని చేయలేదని నేను ఎక్కడైనా పందెం కాస్తాను. పైగా ఆయనకు గుర్రాలూ సైన్యమూ ఉన్నాయి. మా అమ్మమ్మకు ఉన్నది హోల్జ్‌మిండెన్‌లో ఒక వంటింటి బల్ల. ఆవిడ ఇదంతా మధ్యాహ్నం కాఫీకీ సాయంత్రం రొట్టెకీ మధ్య, ఇంట్లో చెప్పులు కూడా విప్పకుండా చేసింది.

అమ్మమ్మ దగ్గర నూట నలభై మూడు బోర్డు ఆటలున్నాయి. మేడ మీది గది నిండా అవే. అక్షరక్రమంలో, అన్నీ ఒకే వైపుకు తిరిగి, సైనికుల్లా నిలబడి ఉంటాయి. వాటిలో సగం పెట్టెలకు దుకాణం వాళ్ళు చుట్టిన పలచటి కవరు కూడా చింపలేదు. "ఆడటానికి కొన్నావా, పూజ చేయడానికా?" అని తాత అడిగేవాడు. "నువ్వు పట్టే చేపల్ని నేను అడిగానా?" అనేది అమ్మమ్మ. తాత పేరు ఎవాల్ట్. వృత్తి గోడలకు రంగులు వేయడం, ప్రేమ వేజర్ నదిలో గాలం వేయడం. గదంతా పెట్టెలే ఆక్రమించుకోవడంతో ఆయన గాలం కర్రలు నలభై ఏళ్ళుగా నడవలో, కోటు కొక్కేల పక్కన నిలబడి ఉన్నాయి. వచ్చినవాళ్ళ టోపీలకు గాలాలు తగులుకోవడం మా ఇంటి మర్యాదలో ఒక భాగం.

కిందటేడు జనవరి ఒకటిన తాత కాలి బొటనవేలు కొత్తగా వచ్చిన పెట్టెకు కొట్టుకుంది. ఆ పెట్టె బరువు నాలుగు కిలోలు. వేలు నల్లబడింది. ఇల్లంతా ఎర్రబడింది.

"ఇక చాలు ఆడెల్‌హైట్! ఈ ఏడాదిలో అన్నీ ఆడెయ్. ఒక్కటి మిగిలినా సరే, గది నాది. పెట్టెలన్నీ అగ్నిమాపక దళం వాళ్ళు పెట్టే పాతసామాన్ల సంతకి!"

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. అమ్మమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు రైల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. సొంత తమ్ముడు టికెట్టు మీద ముద్ర కొట్టించుకోవడం మరచిపోతే అతనికి కూడా జరిమానా వేసి, ఆ సాయంత్రమే అతని పుట్టినరోజుకి కేకు పట్టుకెళ్ళింది. అలాంటావిడ ముందు పందెం మాట అనకూడదు. క్యాలెండరు వెనక్కి తిప్పి, నిబంధనలు తనే రాసింది. పెట్టె మీద ఎందరు ఆడాలని ఉందో అందరూ కూర్చోవాలి. మొదటి నుంచి చివరిదాకా ఆడాలి. పావులన్నీ సరిగ్గా ఉండాలి. పోయిన పావు బదులు బొత్తాం, చిక్కుడుగింజ, బిస్కట్టు ముక్క పెట్టకూడదు. ఇద్దరూ సంతకాలు చేశారు.

మధ్యవర్తిని నేను. పేరు నీలె. తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టి బేకరీలో పని నేర్చుకుంటున్నాను కాబట్టి, మధ్యాహ్నం రెండు దాటితే నాకు పనిలేదని ఇంట్లో అందరి నమ్మకం. నాలుగో మనిషి పక్కింటి కూల్‌మన్ గారు. ఆవిడకు ఆటలంటే ఆసక్తి లేదు, కేకంటే ఉంది.

ముందు మేమందరం అనుకున్నది ఏడాదంతా ఆడతామని. నిజానికి ఏడాదంతా నియమాల పుస్తకం విన్నాం. అమ్మమ్మ దాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్టదాకా పైకి చదువుతుంది. 'మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు' అన్న వాక్యాన్ని కూడా వదలదు, చదివాక తాత వైపు ఒకసారి చూస్తుంది. ఫిబ్రవరిలో ద్రాక్షతోటల ఆట ఒకటి వచ్చింది, ముప్పై రెండు పేజీల నియమాలు. పదకొండో పేజీలో కూల్‌మన్ గారు నిద్రపోయారు. ఇరవై తొమ్మిదో పేజీలో లేచి, "నేనేం చేయాలండీ?" అని అడిగి, చేతికొచ్చిన కార్డు వేసి, ఆట గెలిచారు.

"మీరు నియమాలు వినలేదు కదా!" అంది అమ్మమ్మ.

"అందుకేనేమోనండీ," అన్నారు కూల్‌మన్ గారు, ఇంకో ముక్క కేకు వడ్డించుకుంటూ.

మార్చిలో అందరూ కలిసి ఆడి, కలిసి గెలవాల్సిన ఆట వచ్చింది. ప్లేగును ఆపిన ఆట అదే. గెలిచాక నేనూ తాతా చేతులు చరుచుకున్నాం. అమ్మమ్మ మాత్రం అనుమానంగా బల్ల చుట్టూ చూసింది.

"మరి ఓడింది ఎవరు?"

"ఎవరూ ఓడలేదు అమ్మమ్మా. అందరం గెలిచాం."

"అదేం గెలుపే? టికెట్టు లేకుండా అందరూ ఎక్కేసినట్టుంది."

జూలైలో ఎండ ఎక్కువై, తోటలో బల్ల వేసుకున్నాం. గాలి వచ్చి నూట పది కార్డులూ కంచె దాటాయి. ఆట ఆగింది. కాఫీ ఆగింది. నలుగురం మోకాళ్ళ మీద పాకి, సాయంత్రానికి నూట తొమ్మిది ఏరాం. నూట పదోది కూల్‌మన్ గారి కుందేలు నోట్లో ఉంది. కార్డు మీద తేనెటీగల రాణి బొమ్మ. రాణిలో తల భాగం మాత్రం మిగిలింది.

"తల ఉందిగా, ఆడేద్దాం," అన్నాడు తాత.

"సగం టికెట్టుతో హాంబర్గ్ పోగలవా?" అంది అమ్మమ్మ.

ఆట తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాసింది, కుందేలు వయసుతో సహా. తొమ్మిది రోజులకు కొత్త రాణి వచ్చింది, ఉచితంగా, కుందేలు ఆరోగ్యం అడుగుతూ ఒక చీటీతో. అమ్మమ్మ ఆ చీటీని ఫ్రిజ్జు మీద అంటించి, వారం రోజులపాటు దేశం ఇంకా చెడిపోలేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. మళ్ళీ అదే ఆట మొదటి నుంచి ఆడాం. అమ్మమ్మ ఓడిపోయింది.

ఓడిపోవడం అంటే గుర్తొచ్చింది. రోము కట్టిన సంగతి చెప్పాను గానీ గెలిచిన సంగతి చెప్పలేదు. ఇంత నియమనిష్ఠలున్న మనిషికి ఆట రాదు. నియమాలు కంఠతా వచ్చు, ఆట మాత్రం రాదు. మేం ఎత్తు వేస్తుంటే మా ఎత్తు చెల్లుతుందో లేదో చూస్తుంది తప్ప తన ఎత్తు సంగతి చూసుకోదు. నాలుగేళ్ళ పిల్లల కోసం చేసిన, ఏనుగుల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టే ఆటలో కూడా తొండం కోణం మీద వాదించి, ఏనుగు కిందపడి ఓడింది. నా నోటుబుక్కులో లెక్కంతా ఉంది. నూట నలభై మూడింటిలో అమ్మమ్మ గెలిచినవి ముప్పై ఒకటి.

నవంబరుకు ఒక్క పెట్టె మిగిలింది. అది ఇంట్లోకి వచ్చిన మొదటి పెట్టె, పెళ్ళయిన ఏడు కొన్నది. నదిలో సరుకులు రవాణా చేసే ఆట. నలుగురు ఆడాలి, ఒక్కొక్కరికి ఆరు చెక్క పడవలు. అరిగిపోతుందని అమ్మమ్మ దాన్ని ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. ఆఖరిరోజుకి అదే ఉండాలని ముందే అనుకుని దాచుకుంది. లెక్క చూద్దామని మూత తీసింది. ఎర్రవి ఆరు, పసుపువి ఆరు, ఆకుపచ్చవి ఆరు. నీలంవి ఐదు.

మళ్ళీ లెక్కపెట్టింది. ఐదే.

ఇల్లు తిరగబడింది. సోఫా బోర్లా పడింది. దుమ్ము పీల్చే యంత్రం సంచి చింపి వార్తాపత్రిక మీద పోసి జల్లించాం. తాత కూడా వెతికాడు. బీరువా కిందికి దూరిన అమ్మమ్మకు గంటన్నరసేపు టార్చిలైటు పట్టాడు. "కుడివైపు చూశావా? ఇంకొంచెం కుడికి," అంటూ ఎంతో ఓపికగా దారి చూపించాడు. కంపెనీకి రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఆ భవనంలో ఇప్పుడు వ్యాయామశాల ఉందట. పాతసామాన్ల సంతల్లో ఆదివారం ఆదివారం తిరిగినా ఆ ఆట కనబడలేదు.

డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలు. బేకరీ నుంచి జామ్ కూరిన బన్నులు తెచ్చాను. మా వైపు ఆనవాయితీ ప్రకారం ఆ రోజు తెచ్చే బన్నుల్లో ఒకదాంట్లో జామ్ బదులు ఆవాల ముద్ద పెట్టాలి, ఎవరికొస్తే వాళ్ళు ఎగిరి గంతేయాలి, మిగిలినవాళ్ళు నవ్వాలి. పెట్టింది నేనే. తాత వైపు జరిపిందీ నేనే.

బల్ల మీద ఆఖరి పెట్టె తెరిచి ఉంది. ఇరవై మూడు పడవలు.

"ఒక బొత్తాం పెట్టండి ఆడెల్‌హైట్ గారూ, నీలం బొత్తామే ఇస్తాను," అన్నారు కూల్‌మన్ గారు తన కోటు బొత్తాం పట్టుకుని.

"బొత్తాం పడవ కాదండీ."

"ఎవరికి తెలుస్తుంది అమ్మమ్మా? మధ్యవర్తిని నేనేగా!"

"నాకు తెలుస్తుందిగా!"

క్యాలెండరు తీసి, వెనక తన సంతకం కింద 'ఓడిపోయాను' అని రాసి, తారీఖు వేసింది. గొడవ లేదు, కన్నీళ్ళు లేవు. మేడ మీదికి వెళ్ళి పెట్టెలు దించడం మొదలుపెట్టింది. అక్షరక్రమం తప్పకుండా, ఒక్కో అట్టపెట్టె మీద అందులో ఏమున్నాయో రాస్తూ, అగ్నిమాపక దళం వాళ్ళు ఇబ్బంది పడకూడదని. మూడో విడత దించేటప్పుడు మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. ఊపిరి కోసమే అయ్యుంటుంది. డెబ్బై రెండేళ్ళు కదా.

తాత గెలిచాడు. ఆయన బల్ల దగ్గర కూర్చుని బన్ను కొరికాడు. నేనూ కూల్‌మన్ గారూ ఊపిరి బిగబట్టాం. ఆయన నమిలాడు. మింగాడు. మళ్ళీ కొరికాడు. ఆవాల ముద్ద గడ్డం మీదికి కారింది. బన్ను మొత్తం తినేసి, వేళ్ళు తుడుచుకుని, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తాతా, అది ఆవాలది!"

"ఏది?" అన్నాడు తాత.

అప్పుడు లేచి నడవలోకి వెళ్ళాడు. ఆయన తన పాత గాలం కర్ర పట్టుకుని వచ్చాడు. దాని దారానికి ఎర్రగా, తెల్లగా రంగు వేసిన చెక్క బెండు, నీటి మీద తేలేది, వేలాడుతోంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న బెండే. దాంతోనే ఆయన ఐదు కిలోల జాండర్ చేప పట్టాడు. ఆ చేప ఫోటో గోడ మీద మా అమ్మ పెళ్ళి ఫోటో కంటే పెద్దది. తాత దారం కోసి, బెండును బల్ల మీద పెట్టి, రంగులు గీకే చాకు తీశాడు. ఎర్రటి పొర రాలింది. తెల్లటి పొర రాలింది. కింద నీలం బయటపడింది.

అమ్మమ్మ చేతిలో అట్టపెట్టెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎప్పుడు?" అంది.

"ఎనభై ఆరో సంవత్సరంలో. పొద్దున్నే పెద్ద చేప నా బెండు ఎత్తుకుపోయింది. ఆదివారం. దుకాణాలు లేవు."

"సోమవారం ఉన్నాయిగా?"

"సోమవారానికి జాండర్ పడింది. అదృష్టం బెండు అయిపోయింది. ఎలా తిరిగి పెట్టను?"

"ఆ చేపని నేను వెన్నలో వేయించాను."

"బాగుందన్నావు కూడా."

"టార్చి పట్టావు కదా ఎవాల్ట్! గంటన్నర!"

అమ్మమ్మ అట్టపెట్టె కింద పెట్టి, పడవను చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి పరీక్షించింది. కొస దగ్గర దారం కోసం చేసిన రంధ్రం ఉంది. ఆవిడ నియమాల పుస్తకం తీసి, నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఈసారి మనసులోనే.

"పడవకి రంధ్రం ఉండకూడదని ఎక్కడా రాయలేదు," అంది చివరికి. "కూర్చోండి. ఇంకా ఈ ఏడాదే నడుస్తోంది."

క్యాలెండరు మీద 'ఓడిపోయాను' అన్న మాట కొట్టేసి పక్కన చిన్న సంతకం పెట్టింది. సాయంత్రం రొట్టె వేళకు ఆట ముగిసింది. నీలం పడవలు అమ్మమ్మవే. ఆరింటినీ రేవు చేర్చింది, రంధ్రం పడవని అన్నిటికంటే ముందు. అయినా అమ్మమ్మ కంటే రెండు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని తాతే గెలిచాడు. అమ్మమ్మ లేచి, కొత్తవాళ్ళతో కలిపినట్టు ఆయనతో చేయి కలిపింది. నేను నోటుబుక్కులో తాత పేరు రాశాను.

గది పెట్టెలకే మిగిలింది. కానీ మర్నాడు పొద్దున చూస్తే కింది అర ఖాళీ అయి ఉంది. గాలం కర్రలు నడవలోంచి అక్కడికి చేరాయి. అర అంచున అమ్మమ్మ చేతిరాతతో చీటీ: 'గాలాలు. ఎవాల్ట్. తాత్కాలికం.' పడవ పెట్టెలోనే ఉండాలట. చేపలకి వెళ్ళే ఆదివారం తాత చీటీ రాసిచ్చి తీసుకెళ్ళవచ్చు, చీకటిపడేలోగా తుడిచి తిరిగి ఇవ్వాలి.

ఇదంతా రాసి, నిన్న కాఫీ దగ్గర అమ్మమ్మకి చదివి వినిపించాను. తాత మూడుచోట్ల నవ్వాడు. అమ్మమ్మ ఒక్కచోట కూడా నవ్వలేదు. చదవడం అయ్యాక కప్పు కింద పెట్టింది.

"ముప్పై ఒకటి కాదే, ముప్పై రెండు. పడవ దొంగ గెలుపు చెల్లదు. బడి మానేసి నోటుబుక్కు పడితే లెక్కలు ఇలాగే ఉంటాయి."