కుండకు దోపుకునే చోటు

నవాగామ్‌లో ఉండే దశరథం ఇరవై రెండేళ్లు చీర అంచులు గీసినవాడు. అచ్చుపని కంప్యూటర్ మిషన్ల మీదికి మారాక చేతి గీత అడిగేవాళ్లే లేకుండా పోయారు. అదే నగరంలో ఇంకో మూల, ఆల్థాన్‌లో సంగీత అనే అమ్మాయి, హాళ్లలో అలంకారానికి ప్రాచీన గ్రీకు కుండల నకళ్లు చేయిస్తోందని విని వెళ్తే, చూద్దామని ఒక్క కుండ ఇచ్చింది. అది నచ్చితే కొలువు. లేదంటే సోమవారం నుంచి నగరం చివర సచిన్ పేటలో మిల్లు గేటు దగ్గర కర్ర పట్టుకుని కాపలా కూర్చోవాలి.

మోకాలెత్తు ఎర్రమట్టి కుండ, రెండు పిడులు. పొట్ట మీద గుర్రాలు అప్పటికే గీసి ఉన్నాయి. మెడ కింద చుట్టూతా చదరపు మెలికల అంచు తిప్పాలి. నాలుగింటికి కుండలు కాల్చే భట్టీ అంటిస్తారు.

దశరథం ఎదుటి గుర్రం తల పైన మొదలుపెట్టి, మెలిక వెంట మెలిక వేస్తూ వెనకవైపు దాటాడు. రెండో పిడి దగ్గరికి వస్తూ ముందుకు చూశాడు. మిగిలిన జాగాలో ఐదున్నర మెలికలు పడతాయి. ఆరు పట్టవు, ఐదు చాలవు.

చీరకైతే ఈ లెక్క అక్కర్లేదు. చివర సగం మిగిలినా బొడ్డు దగ్గర దోపుకునే కొసలోకి పోతుంది. కుండకు కొస ఎక్కడిది? మొదలైన చోటికే రావాలి, అదీ అందరి కళ్లెదుట. చెరపడానికీ లేదు. నల్లరంగును పచ్చిమట్టి పీల్చేసుకుంది. గీకితే కాల్చాక మచ్చ తేలుతుంది.

మూడుంపావు. కుంచె ఎందుకు ఆగిందని సంగీత అడిగితే చెయ్యి గుంజుతోందన్నాడు.

ఆమె వెళ్లాక కుండను మెల్లగా తిప్పాడు. పిడి నీడ అంచు మీద పడింది. ఆ నీడ దగ్గర కన్ను ఆగింది. మళ్లీ గుర్రం తల దగ్గరికి పోయి, అక్కడి నుంచి వెనక్కి, పిడి వైపు గీయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఎన్నడూ ఎదురు నడవలేదు. ప్రతి మూలా తిరగేసి వెయ్యాలి. సగం మెలిక సరిగ్గా నీడలో పడింది.

సంగీత వచ్చి కుండను రెండు చుట్లు తిప్పింది. పిడి కింద వేలు పెట్టింది.

“మామా, గీడ సగమే ఉంది.”

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. “అవ్ బిడ్డా. ముందుగాల కొలవలే, తప్పు నాదే. చీరైతే దోపుకునే కాడికి పోతుండె. దీనికి గీడ దోపిన.”

ఆమె కుండను భట్టీలోకి పంపి, గీత పడని ఇంకో బోడి కుండ తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఇస్ బార్, ఈ కుండకు దోపొద్దు మామా. బరాబర్ కలవాలె.”

దశరథం కుంచె ముట్టలేదు. చొక్కా అంచు నుంచి దారం పీకి, కుండ మెడ కింద చుట్టి, కొసలు కలిసిన చోట గోటితో నొక్కి పట్టుకున్నాడు.