అత్త కాళ్ల వాపు, నా సైన్సు వైద్యం

అవి పందొమ్మిది వందల అరవైల తొలినాళ్లు. ఆ కాలంలో ట్రైనింగు ముగించుకుని బడిలో చేరిన కొత్త టీచరుకు తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాక ఒక్కొక్కటిగా బయటపడతాయి గానీ, ఇరవై రెండేళ్ల వయసులో ఆ ఇబ్బంది లేదు. అల్లూరు బడిలో నేను సైన్సు టీచరమ్మను. రక్తప్రసరణ ఏడో పాఠం, విసర్జన పదో పాఠం. రెంటినీ పుస్తకం చూడకుండా చెప్పేదాన్ని (చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు). మధ్యలో అర్ధసంవత్సర పరీక్షలు రావడంతో గుండెకూ మూత్రపిండాలకూ నా దగ్గర పరిచయమైనా లేకుండా పోయింది.

నన్ను పెంచిన మేనత్తకు ఆ ఏడాది కాళ్లు వాచాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద కూడా ఉబ్బు. మూత్రం సరిగా రావడం లేదని సిగ్గుపడుతూ నాతో చెప్పింది. ఇంకేం, పదో పాఠం నా నాలుక మీదే ఉంది. మూత్రపిండాలు జల్లెడలాంటివనీ, అందులో మడ్డి పేరుకుందనీ, నీళ్లు బాగా పోస్తే అదే కొట్టుకుపోతుందనీ తేల్చేశాను. పూటకు రెండు చెంబుల నీళ్లు, మధ్యాహ్నం ఉప్పు దండిగా వేసిన మజ్జిగ (ఉప్పు నీరసం పోగొడుతుందన్నది నా సొంత పరిశోధన). అన్నంలోకి ఎండుచేప ఎటూ ఉండేది. అత్త మారుమాట లేకుండా తాగింది. ఐదో రోజుకు వేలి ఉంగరం బిగుసుకుపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మడ్డి కదులుతున్నదని నేను ధైర్యం చెప్పాను.

ఆదివారం ప్రార్థనకు అత్త రాలేదని మా వీధిలోనే ఉండే నర్సు అక్క ఇంటికి వచ్చింది. ఆమె ఏ పాఠమూ చెప్పలేదు. అత్త పాదాన్ని బొటనవేలితో నొక్కి వదిలింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. నేను జల్లెడ సంగతి మొదలుపెట్టబోతే, “టీచరమ్మా, ఆ చెంబు అవతల పెట్టి నెల్లూరు బస్సు ఎప్పుడో కనుక్కో” అంది.

ఆసుపత్రిలో డాక్టరు అత్త చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూస్తుంటే, రోగం మూత్రపిండాల్లో అయితే చెయ్యి ఎందుకు చూస్తున్నారని అడిగాను (తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి). ఆయన ఓపికగానే చెప్పాడు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు మూత్రపిండాలకే పోతుందట. అవి ఎక్కువైన ఉప్పునూ నీటినీ తీసేసి, శుభ్రమైన రక్తాన్ని తిప్పి పంపుతాయట. అవి దెబ్బతింటే ఆ ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచి, రక్తపోటు పెరిగి, చివరికి గుండెకే భారమవుతుందట. అది ఏడో పాఠం కదండీ అన్నాను.

“ఏడో పాఠం, పదో పాఠం ఒకే మనిషిలో ఉంటాయమ్మా. ఇంకో నాలుగు రోజులు మీ వైద్యం సాగి ఉంటే ఈ మనిషి దక్కేది కాదు” అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ పని మాత్రం ట్రైనింగు లేకుండానే బాగా వచ్చింది.

నీరు దించే మందులిచ్చి, ఉప్పు మాన్పించి, నీళ్లు కొలిచి తాగించారు. మూడు వారాలకు వాపు దిగింది. ఇంటికి వచ్చాక, అన్ని నీళ్లు తాగలేనని నాతో ఎందుకు చెప్పలేదని అత్తను అడిగాను.

“కష్టంగానే ఉండింది మే. అంత చదువుకోనొచ్చి చెప్తా ఉండావు, వద్దంటే చిన్నబోతావని తాగేసినా” అంది.

పైగా, తన ప్రాణం కాపాడింది మా పిల్లేనని చర్చిలో అందరికీ చెప్పుకుంది. నేను తల వంచుకుని ఆ పొగడ్తంతా పుచ్చుకున్నాను. ఇరవై రెండేళ్ల ఆ టీచరమ్మను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత ధీమాగా తప్పు చెప్పినా అంత ప్రేమగా నమ్మే మనిషి ఆమెకు ఉండింది కదా అని కొంచెం అసూయ కూడా.