ఐదున్నర గ్రహణం

అప్పుడు మా చెల్లెలికి ఏడో నెల. పిడుగురాళ్ల అవతల ఆమె అత్తవారి ఊళ్లో గర్భిణి గ్రహణం వేళ బయటికి రాకూడదు, కత్తిపీట ముట్టకూడదు, చీకటిగదిలో కదలకుండా పడుకోవాలి. ఇదంతా వట్టి భయమని ఏళ్ల తరబడి సభల్లో వాదించినవాణ్ణి నేను. ఆ వాదనలు వింటూ పెరిగిన పిల్ల కాబట్టి అత్తగారితో తనే పందెం వేసింది. పంచాంగం చెప్పినట్టు మూడింటికి గ్రహణం కనబడకపోతే ఆ గదిలోకి వెళ్లదు. కనబడితే నోరెత్తకుండా వెళ్తుంది.

ఆమె ధైర్యమంతా సూర్యగ్రహణం నడిమి వేళ లెక్కకట్టడానికి నేను కంప్యూటర్లో రాసిన ప్రోగ్రాం. అది సాయంత్రం ఐదున్నర అంది.

ఫోన్లో ఓసారి చూసుకోమని మిత్రుడొకడు అన్నాడు. "అదీ ఎవరో చెప్పిందే కదరా! మన లెక్క మనం కట్టుకోలేమా?" అని కసిరాను. ఖగోళశాస్త్ర పుస్తకంలోంచి తీసుకున్న సూత్రాలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశాను. కంప్యూటర్ చేసే కూడికను మాత్రం చూడలేదు. కూడికను ఎవరు అనుమానిస్తారు?

గ్రహణం నాటి మధ్యాహ్నం వాళ్ల కల్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కన అందరం నిలబడ్డాం. మూడు కాకముందే ఎండ పలచబడింది. వేపచెట్టు నీడలో వెలుగు చుక్కలన్నీ కొడవళ్లలా వంగాయి.

"ఏం అబ్బాయ్, అప్పుడే ఐదున్నర అయిందా?" అంది చెల్లెలి అత్తగారు.

"సూరీడికి ఈయనగారి కబురు అందలేదేమోలే!" అంది కాయలు ఏరుతున్న ఒకామె. కల్లమంతా నవ్వు.

చెల్లెలు నా వైపు చూడలేదు. అన్నమాట ప్రకారం లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లింటి అరుగు మీదే లాప్‌టాప్ తెరిచాను. ఖగోళ లెక్కల్లో ఎప్పటిదో ఒక పాత రోజు నుంచి దినాలు లెక్కపెడతారు. ఇప్పటికది ఏడంకెల సంఖ్య. దాని పక్కన దశాంశాల్లో గంటలూ నిమిషాలూ ఉండాలి. కంప్యూటర్లో నేను కేటాయించిన చోటు ఆ ఏడంకెలకే నిండిపోతుంది. గంటలకు చోటు లేక, యంత్రం సమయాన్ని దగ్గర్లోని పావురోజుకు జరిపేసింది. ఆ లెక్కలో కొత్త రోజు మొదలయ్యేది మన సాయంత్రం ఐదున్నరకి; నా ఐదున్నర అదే. రోజుల్నీ గంటల్నీ విడివిడిగా దాచి మళ్లీ నడిపితే మూడు దాటి కొద్ది నిమిషాలని వచ్చింది.

ఒళ్లు మండిపోయింది. పురోహితుణ్ణయితే ఆధారమేదని నిలదీయొచ్చు. ఈ మిషను తెలియని చోట తెలియదనలేదు, తడుముకోలేదు. సెకన్లతో సహా అంకెలు వేసి చూపించింది. దేవుడి పేరుతో మోసం చేసేవాడి మీద కూడా నాకెన్నడూ ఇంత కోపం రాలేదు. వాణ్ణి నేనెన్నడూ నమ్మలేదు మరి.

గది తలుపు దగ్గరికి వెళ్లాను.

"దొరికిందమ్మా. శాస్త్రంలో తప్పు లేదు. మిషను అంకెలు కోసేసింది. బయటికి రా, నీకేమీ కాదు."

తలుపు వెనక నుంచే అడిగింది.

"నాకేమీ కాదన్నది కూడా దాంట్లోనే లెక్కకట్టావా అన్నయ్యా?"

"అయ్యో, అది వేరమ్మా. అది..."

లోపలి నుంచి గడియ పడింది. వాళ్ల అత్తగారు ఇంకా కల్లంలోనే ఉంది.