వయ్యారిభామ కథ జెప్పిన ఓదెలు

మహదేవపూర్ దిక్కు గోదారి ఒడ్డు ఊళ్లల్ల హమాలి ఓదెలు తెల్వనోళ్లు తక్కువ. నడుము వంగింది, మోకాలు పట్టేస్తది, ఎండకు మొఖం మాడి బొగ్గయింది. నోరు మాత్రం ఇంకా పడిపోలేదు. వీపు మీద వడ్ల బస్తా ఉన్నా సరే, ఎవలిదో ఒకలి మాట పట్టి ఏషం ఎయ్యాలె, లారీ మీదున్నోళ్లు నవ్వాలె. సర్పంచి నడక, బ్యాంకు సారు దగ్గు, బస్సు కండక్టరు సణుగుడు, అన్నీ వస్తయి ఆయనకు. నాలుగో తరగతిల బడి ఇడిసిపెట్టిండు గాని మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, దింపేస్తడు.

"నువ్వు ఈడ ఉండేటోనివి కాదన్నా, సీన్మాల ఉండాలె" అంటడు తోటి హమాలి సంతోష్.

"నేను సీన్మాకు పోతే నీ బస్తా ఎవడు మోస్తడు రా, మీ బావనా?"

గా నోరే ఆయన్ను బడి దాక తీస్కపోయింది.

ఊరి బడిల చిన్న పిల్లలకు విజయ టీచరు చెప్తది. ఉత్త పాఠం చెవికెక్కది, కథల పెట్టి చెప్తే మర్చిపోరు అని ఆమె లెక్క. అందుకే ఎక్కడెక్కడి బొమ్మల పుస్తకాలో తెచ్చి చదివి చెప్తది. ఆ సారి తెచ్చిన పుస్తకం వయ్యారిభామ మొక్క గురించి. బీళ్లల్ల, బాట పొంట, బడి వెనుక తెల్లతెల్లటి సన్న పువ్వులతోటి గుబురుగ పెరుగుతది సూడు, గా పిచ్చి మొక్క. ఎక్కడో దూర దేశంల పుట్టింది. గోధుమ బస్తాలల్ల గింజ కలిసి మన దిక్కు వచ్చిందట. పశువు మూతి పెట్టది. ముట్టుకుంటే దురద. పక్కన గడ్డి పోసను మొలవనియ్యది. పూత పట్టక ముందే చేతులకు కవర్లు తొడుక్కొని వేర్లతోని పీకాలె అని ఆఖరి పేజీల పిల్లల బొమ్మ ఉన్నది.

"ఓదెలన్నా, ఇంట్ల మస్తు కథలు చెప్తవట, మీ హరిత చెప్పింది. శనివారం వచ్చి గీ పుస్తకం మా పిల్లలకు చెప్పరాదు?" అని అడిగింది టీచరు.

"నాకు గడగడ చదువ రాదు టీచరమ్మా."

"బొమ్మలున్నయి గదా. చూపెట్టుకుంట నీ మాటల్ల చెప్పు. నేను చెప్తే పాఠమే అయితది. నువ్వు చెప్తే కథ అయితది."

ఓదెలుకు ఆ మాట మస్తు నచ్చింది. చదువుకున్నోళ్లు ఆయన్ను పిలిచి పని చెప్పుడే గాని, పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఎన్నడు అడగలేదు. శనివారం పొద్దుగాలనే తానం చేసి, పెండ్లిళ్లకు తొడిగే అంగి తొడిగిండు. భార్య మైసమ్మ చూసి మూతి తిప్పింది.

"ఏమయ్యో, పిల్లను చూడ పోతున్నవా?"

"సార్లు పిలిచిండ్రే. నీకేం తెలుసు నా ఇలువ."

బడిల చిన్న పిల్లలందరు ఒక్క గదిల కూసున్నరు. కూతురు హరిత మూడో తరగతి. బాపును చూసి సిగ్గుపడుకుంట, గర్వపడుకుంట, పక్కపిల్లను మోచేతితో పొడుస్తున్నది. ముందు వరుసల బుధ్రి అని ఇంకో పిల్ల. మిరపకాయలు ఏర ఛత్తీస్‌గఢ్ దిక్కు నుంచి వచ్చిన కూలోళ్ల బిడ్డ. వాళ్లు ఊరవతల ఒక పటేలు మిరప తోటల పరదా గుడిసె ఏసుకొని ఉంటున్నరు. టీచరే వాళ్ల ఎంట పడి పిల్లను బడిల కూసోవెట్టింది. తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నది.

ఓదెలు పుస్తకం పట్టుకొని మొదటి రెండు బొమ్మలు ఉన్నదున్నట్టే చెప్పిండు. పిల్లలు చూస్తున్నరు గాని నవ్వుతలేరు. వెనుక ఒక పోరడు గోడకు గీతలు గీస్తున్నడు. ఓదెలుకు పానం ఉసూరుమన్నది. నవ్వు లేకపోతే ఆయనకు మాట ముందుకు పోదు. ఇగ బుజం మీది తువ్వాల తీసి నెత్తి మీద కొంగు లెక్క కప్పుకున్నడు. మూలకున్న ఖాళీ గోనె సంచిల కాళ్లు పెట్టి, మెల్లగ లేచి, నడుము తిప్పుకుంట బయటికి వచ్చిండు. గది గది అంత గొల్లుమన్నది.

"నేనే వయ్యారిభామను! ఎంతో దూరం నుంచి వచ్చిన!"

ఇగ ఆగుతడా? మొక్కకు మాటలు కావాలె. వేరే దేశపోళ్లు ఎట్ల మాట్లాడుతరో ఆయన ఎరుగడు. నాలుక మీద ఉన్నది మిరప కూలోళ్ల మాట. ఏటేటా వాళ్లు ఊర్లకు వచ్చినప్పుడు గుడిసె ఏసుకోను జాగ, తాగ నీళ్లు అడుగుతరు. ఆ అడుగుడును ఓదెలు హమాలీల కాడ ఎన్నోసార్లు ఏషం ఏసిండు. ఎప్పుడు ఏసినా నవ్వు పండుతది.

చేతులు జోడించి, గొంతు సన్నగ చేసి, "ఏ సేటూ... థోడా జగా దేవ్ నా... థోడా పానీ దేవ్ నా..." అన్నడు.

పిల్లలు పొట్టలు పట్టుకున్నరు. టీచరు సుత నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"పాపం అని జర జాగ ఇస్తే ఏం జేసింది? చేనంత ఆక్రమించింది! జర నీళ్లిస్తే బాయంత తాగింది!"

అప్పుడు బుధ్రి లేచి నిలవడ్డది. మొఖమంత ఎలుగు. గా గదిల తనకు తెలిసిన మాట ఒకటి మొదటిసారి ఇనవడ్డది ఆ పిల్లకు.

"మా ఆయ! మా ఆయ గట్లనే అంటది!"

ఆయ అంటే వాళ్ల దిక్కు అవ్వ, కన్నతల్లి. పిల్లలు ఒక్క నిమిషం ఆగి, మళ్ల గొల్లుమన్నరు. అంత నవ్వు ఓదెలు జన్మల చూడలేదు. ఆ నవ్వు మీద ఇంకో నవ్వు ఎక్కాలె గదా అని, ఎనుక ముందు చూడక వేలు చూపెట్టిండు.

"చూసిండ్రా! భామ చుట్టం ఈడనే ఉన్నది!"

బుధ్రి సుత నవ్వింది. అందరు నవ్వుతున్నరని నవ్వింది. ఆ తర్వాత చుట్టూ చూసి, మెల్లగ కూసున్నది.

టీచరు ముందుకొచ్చి "సరే సరే, ఇగ ఆఖరి బొమ్మ" అని పుస్తకం తీసుకున్నది. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. ఓదెలు ఇంటికొచ్చేదాక చేతులు ఊపుకుంటనే వచ్చిండు.

పొద్దుమూకి బువ్వ కాడ కూసున్నప్పుడు హరిత చెప్పింది.

"బాపూ, నీ కథ అయినంక ఆట ఆడినం. బుధ్రిని పీకినం."

"పీకుడేంది?"

"జడ పట్టి పీకినం. వేర్లతోని పీకాలె అని పుస్తకంల ఉన్నది గదా. చేతులకు కవర్లు సుత తొడుక్కున్నం, దురద పెడ్తదని."

ఓదెలు చేతిల ముద్ద చేతిలనే ఉండిపోయింది.

"ఏడ్సిందా?"

"ఏడ్వలే. థోడా పానీ దేవ్ అని మేమంటే, చెవులు మూసుకున్నది."

మైసమ్మ కూర గిన్నె దబ్బున కింద పెట్టింది. "మంచిగున్నది. పిల్లలకు సదువు చెప్ప పోయినవు. గిదా చెప్పింది?"

ఓదెలు చెయ్యి కడుక్కొని వాకిట్ల కూసున్నడు. వయసుల ఉన్నప్పుడు ఆంధ్ర దిక్కు రైసుమిల్లుల కొన్నాళ్లు పని చేసిండు ఆయన. అక్కడ మేస్త్రి, చుట్టాలొచ్చినప్పుడల్ల పిలిచి, "ఏరా, ఒకసారి మీ యాసలో 'ఏంది గిట్ల' అను" అనేటోడు. ఓదెలు అనేటోడు. వాళ్లు నవ్వేటోళ్లు. ఓదెలు సుత నవ్వి, ఊక కుప్ప వెనుకకు పోయి మొఖం తుడుచుకునేటోడు. అది మైసమ్మకు సుత చెప్పలేదు ఇప్పటిదాక. ఆ మేస్త్రి మొఖం యాదికి రాంగనే తన అంగి తనకే కుచ్చుకున్నట్టయింది.

సోమవారం బుధ్రి బడికి రాలేదు. మంగళవారం రాలేదు. హరితను అడుగుడు, ఆమె లేదనుడు, ఓదెలుకు పానం అన్నంల లేదు, పనిల లేదు. సాయంత్రం పని దిగినంక మిరప తోటకు నడిచిండు.

బుధ్రి తల్లి సోమారి ఎర్రటి మిరప కుప్ప ముంగట కూసొని తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతున్నది. పక్కన బుధ్రి. తోట బస్తాలు ఎత్త వచ్చిండనుకొని సోమారి లేచింది.

"బైఠో అన్నా. పానీ లేవ్" అని చెంబు నీళ్లు చేతికిచ్చింది.

ఓదెలు చెంబు పట్టుకున్నడు గాని తాగలేకపోయిండు.

"పిల్లను బడికి తోలు అక్కా."

"నై పోత అంటది. ఏమైంది తెల్వది. చెప్పది. ఎవరన్న కొట్టిండ్రా?"

అంటే తల్లికి చెప్పలేదు. ఎవరికీ తెల్వది. ఇప్పుడు తను ఊకుంటే ఇంకెన్నడు తెల్వది. ఓదెలు నోట్ల నుంచి వచ్చిన మాట ఇది: "పిల్లలు... ఆటల... ఏదో అనుకున్నట్టున్నరు."

బుధ్రి తల ఎత్తి ఆయన దిక్కు చూసింది. మళ్ల మిరపకాయలల్ల చేతులు పెట్టింది. తన తప్పును తన బిడ్డ మీదికి, ఊరి పిల్లల మీదికి నూకి వచ్చిన మనిషి ఎట్ల నడుస్తడో, ఓదెలు ఇంటికి అట్ల నడిచిండు.

తెల్లారి పని ఇడిసిపెట్టి బడికి పోయిండు. టీచరుకు అంత చెప్పిండు.

"నేను ఆడనే ఉన్న గదన్నా. ఆపాలె. నేను సుత నవ్విన."

"నువ్వు నవ్వినవు టీచరమ్మా. నవ్వించింది నేను. ఒక్కసారి మళ్ల చెప్పనీ."

పిల్లలు ఆయన్ను చూసి సంబరపడ్డరు. "మామా, తువ్వాల! మామా, జగా దేవ్ అను!"

"అనను" అన్నడు ఓదెలు. పుస్తకం తెరిచి, మొక్క బొమ్మ మీద వేలు పెట్టిండు. "గీ బొమ్మల మొక్క ఏమన్న మాట్లాడుతున్నదా, మంచిగ చూడుండ్రి. మాట్లాడది. మొక్క ఎవలినీ అడగది. గాలికి వస్తది, బస్తాల వస్తది, మొలుస్తది, అంతే. జాగ అడిగేది మనిషి. బుధ్రోళ్ల అవ్వ అడిగింది. మన పటేలు మిరపకాయలు కుళ్లిపోకుంట ఏరుతందుకు వచ్చి, ఉండనీకి జాగ అడిగింది. ఆ మాట తీసి నేను పిచ్చి మొక్క నోట్ల పెట్టిన. మీరు నవ్వాలని పెట్టిన. తప్పు జేసిన."

ఎవలూ నవ్వలేదు. వెనుక పోరడు మళ్ల గోడకు గీస్తున్నడు. హరిత తల దించుకొని, చెవుల దాక ఎర్రగయింది. బాపు అందరి ముంగట తప్పు జేసిన అనుడు ఆ పిల్లకు సిగ్గు. ఇంటికి పోయేటప్పుడు ఆయన పక్కన నడవలేదు. ఓదెలు పిలువలేదు.

సాయంత్రం టీచరు, ఆయన కలిసి తోటకు పోయిండ్రు. ఈసారి ఓదెలు నీళ్లు తీసుకోలేదు. నిలవడే చెప్పిండు. మొక్క కథ, తువ్వాల, తన ఏషం, చుట్టం అన్న మాట, పిల్లలు జడ పీకిన సంగతి. సోమారికి అర్థం కాని కాడ టీచరు హిందీల చెప్పింది.

సోమారి తిట్టలేదు. చేతుల దుమ్ము దులుపుకొని, ఆయన ఎదురుంగ వచ్చి నిలవడ్డది.

"నా లెక్క మాట్లాడినవా? ఏది, చెయ్యి. నేను చూస్త."

ఓదెలు నోరు తెరిచిండు. ఎన్నిసార్లో ఏసిన ఏషం. నాలుక మీదనే ఉన్నది. రాలేదు. పక్క సాలల్ల కాయలు ఏరేటి ఆడోళ్లు సుత పని ఆపి చూస్తున్నరు. ఆయన తడి కండ్లు కిందికి దించుకున్నడు. మిరప ఘాటుకే అనుకోనీ అని తువ్వాలతో మొఖం తుడుచుకున్నడు.

"నా తోని రాదక్కా."

"నన్ను చూసి రాదు. నేను లేకుంటే వస్తది" అన్నది సోమారి.

టీచరు ఏదో సర్ది చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. జరసేపు బిడ్డ దిక్కు చూసింది. బిడ్డ ఎర్రగ మండిన అరచేతులను గౌనుకు రాసుకుంటున్నది.

"నాకు పని ఉన్నది. పొద్దుగాల తీస్కపోను నాకు టైమ్ లేదు. నువ్వే తీస్కపో. నువ్వే తీస్కరా. జడ పట్టి ఎవరన్న పీకితే నేను వాళ్లను అడగ. నిన్ను అడుగుత."

"సరే అక్కా."

తెల్లారి తోట కాడికి పోయి నిలవడ్డడు. బుధ్రి బయటికి వచ్చింది. జడ ఏసుకోలేదు, జుట్టును కుదురుగ ముడి పెట్టుకున్నది. ఓదెలు సంచి పట్టుకుంటనని చెయ్యి చాపితే, సంచిని రెండు చేతులతోని గుండెకు హత్తుకున్నది. ముందల నడిచింది. ఆయన వెనుక నడిచిండు.

బాట పొడుగున ఓదెలుకు ఎన్నో మాటలు నోటి దాక వచ్చినయి. నవ్వించే మాటలే అన్నీ. ఒక్కటి సుత బయటికి రానియ్యలేదు. నవ్వియ్యకుంట ఈ పిల్లతో ఏం మాట్లాడాలెనో ఆయనకు తెల్వది. తెల్వకనే నడిచిండు.

బడి గేటు కాడ పిల్లలు చూసి "మామా, కథ!" అని ఉరికొచ్చిండ్రు. బుధ్రి ఆగింది. వెనుకకు తిరిగి, ఆయన మొఖంలకు చూసి మాట్లాడింది. తెలుగు మాటలే, ఒక్కొక్కటి ఏరుకొని.

"నువ్వు లోపలికి రాకు."

"రాను బిడ్డా" అన్నడు ఓదెలు.

ఆ పిల్ల పిల్లల నడుమ నుంచి లోపలికి పోయింది. ఎవరూ ముట్టలేదు. హరిత జర పక్కకు జరిగింది, ఆమె పోతందుకు. ఓదెలు గేటు బయట నిలవడి, పిల్ల గదిలకు పోయి కూసునేదాక చూసిండు. లారీ కాడ సంతోష్ వాళ్లు ఆలస్యం అయిందని తిడుతరు. మళ్ల సాయంత్రం ఈ గేటు కాడికే రావాలె. మిరప ఏరుడు అయిపోయేదాక రావాలె.