ఆదివారం నా పేరుతో వచ్చిన ఎనిమిది లైన్లు

మా వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా గాలి సోకిందంటారు. నేను మాత్రం ఆస్పత్రికి పొమ్మంటాను. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నన్ను ఆ జట్టులో కలపొద్దు.

చోడవరంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తున్నాను. ఊడ్చే పనికి చేరాను. నలభై రెండో ఏట మా అమ్మాయి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాక, కొత్త బ్యాచ్ పిల్లలకు లైనక్స్‌లో అకౌంట్లు తెరిచే పని కూడా నాకే ఇచ్చారు. మాటకూ మాటకూ మధ్య వేలు పెట్టి ఖాళీ వదలమని మా అమ్మాయి నేర్పింది. ఆ అలవాటుతో టైపు చేసేటప్పుడూ రెండేసి ఖాళీలు కొడతాను. కంప్యూటర్ ఏమీ అనుకోదు. పిల్లలే, "ఆంటీ, మీ మాటల మజ్జినుంచి సెరుకు లారీ ఎల్లిపోద్ది" అని నవ్వుతారు.

ఆ శనివారం ఎనిమిది మంది అమ్మాయిలకు అకౌంట్లు తెరిచాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. సోమవారం వాళ్ళ పరీక్ష దాని మీదే. ఒక్కరికీ అది తెరుచుకోలేదు. పర్మిషన్ లేదని వస్తోంది. పాఠాలు చెప్పే సారు సాయంత్రం దాకా తంటాలు పడి, తప్పు నాదేనని తేల్చారు. పరీక్ష ఆగితే నన్ను మళ్ళీ చీపురుకే పంపుతానని ఓనరు అన్నాడు. మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని ఇంటికొచ్చాను.

ఆదివారం రావికమతంలో మా తోటికోడలి మనవరాలి ఓణీల ఫంక్షన్. పొద్దుట్నించి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఫోటోలున్నాయి.

సోమవారం వెళ్ళేసరికి తాళం వేసినట్టే ఉంది, స్విచ్ దించినట్టే ఉంది. పిల్లలు కూర్చున్నారు. ఎనిమిది మందికీ తెరుచుకుంది.

సారు వెతికితే అసలు సంగతి బయటపడింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడాలంటే ఒక గ్రూపులో పేరుండాలట. అకౌంట్ తెరిచినంత మాత్రాన పేరు అందులో చేరదు, విడిగా చేర్చాలి. ఎనిమిది పేర్లూ చేర్చి ఉన్నాయి.

ఎవరు, ఎప్పుడు, ఏ కమాండ్ కొట్టారో కంప్యూటర్ దాచుకుంటుంది. ఆదివారం పొద్దున్న పదకొండు దాటాక, నా అకౌంట్ నుంచి, ఎనిమిది లైన్లు. నా పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్లో టైము తప్పేమోనన్నారు. సరిచూస్తే నిమిషం తేడా లేదు. అప్పుడు నేనే తెర దగ్గరకెళ్ళి చదివాను. ప్రతి లైనులోనూ మాటల మధ్య రెండేసి ఖాళీలున్నాయి.

తాళంచెవి ఎవరికిచ్చావని ఓనరు నిలదీశాడు. ఎవరికీ ఇవ్వలేదన్నాను. చివరికి, ఆదివారం నేనే వచ్చి చేశానని ఒక కాగితం రాయించి నా ముందు పెట్టాడు.

"సంతకం ఎట్టెయ్యమ్మా. మంచి పనే కదా, నీకే పేరొస్తాది."

కాగితం రెండుసార్లు చదివాను.

"నాను సెయ్యనేదు బాబూ. సెయ్యని పనికి సంతకం ఎట్టడానికా సదువు నేర్సుకున్నాను? మానిపించేస్తే మానిపించెయ్యండి."

సారు తలదించుకున్నారు. ఓనరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను మానిపించలేదు.

దెయ్యం పనని కొందరంటారు. నేనే చేసి మరిచిపోయానని కొందరంటారు. రెండూ ఒప్పుకోను. అలాంటి గ్రూపు ఒకటుంటుందని ఆ సోమవారం దాకా నాకు తెలీదు. సారుకే తెలీదు.

ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఆ కమాండ్ నేనే కొడుతున్నాను. నాకెవరూ నేర్పలేదు. ఆ ఎనిమిది లైన్లు చూసే నేర్చుకున్నాను. వాటిని కొట్టిందెవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.